తొమ్మిది, పది తరగతుల చదువు గాడి తప్పకుండా: ‘రానివాటి పుస్తకం’తో ఏడాది పొడవునా

తొమ్మిదో పదో చదువుతూ వెనకబడిన పిల్లలను “నీకేం రాదు?” అని అడిగితే, ఎక్కువ మంది “మ్యాథ్స్ రాదు సార్” అంటారు, లేదా “ఇంగ్లిష్ రాదు మేడం” అంటారు. మ్యాథ్స్‌లో ఏ పాఠం, ఆ పాఠంలో ఏ లెక్క, ఆ లెక్కలో ఏ లైను అని ఇంకో మెట్టు దిగి అడిగితే తల దించుకుంటారు. బాగా చదివే పిల్లలను ఇదే అడిగి చూడండి, పేజీ నంబరుతో సహా చెబుతారు. వరంగల్ చుట్టుపక్కల పిల్లలకు చదువు చెబుతూ నేను గమనించిన అతి పెద్ద తేడా ఇదే. తెలివిలో ఉన్న తేడా చాలా తక్కువ. ఏది రాలేదో కచ్చితంగా తెలిసి ఉండటంలోనే అసలు తేడా ఉంది.

అందుకే ఇందులో గంటల వారీ టైంటేబుల్ ఏదీ ఇవ్వడం లేదు. గోడకు అతికించిన టైంటేబుల్ వారం దాటి నడిచిన ఇల్లు చాలా అరుదు. దానికి బదులు నీకు అర్థం కానివి రాసుకునే ఒక నోట్‌బుక్ (అదే రానివాటి పుస్తకం), ఏడాదంతా కనిపించే ఒక కాగితం, కొన్ని అలవాట్లు చెబుతాను. హనుమకొండలో ట్యూషన్‌కు వెళ్లే పిల్లకైనా, నర్సంపేట దగ్గర పల్లెలో బడి అయ్యాక పశువులను కట్టేసి చదువుకునే పిల్లవాడికైనా ఇవి పనికొస్తాయి. చదివేది నువ్వే కాబట్టి నీతోనే మాట్లాడుతున్నాను. అమ్మానాన్నలకు చెప్పాల్సింది చివర్లో ఉంది.

ముందుగా ఏడాదినంతా ఒక కాగితం మీద చూడు

బడి జూన్‌లో తెరుస్తారు, పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో మొదలవుతాయి. మధ్యలో చాలా నెలలు ఉన్నట్టు అనిపిస్తుంది కానీ చదువుకు దొరికే రోజులు అన్ని ఉండవు. ఒక పెద్ద చార్టు కాగితం తీసుకుని జూన్ నుంచి మార్చి దాకా నెలల గళ్లు గీయి. విద్యాశాఖ ఏటా ఇచ్చే అకడమిక్ క్యాలెండర్ హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) గదిలో ఉంటుంది, క్లాస్ టీచర్‌ను అడిగితే చూపిస్తారు. అందులోంచి ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, ఎస్‌ఏ-1, ఎఫ్‌ఏ-3, ఎఫ్‌ఏ-4, ప్రీఫైనల్ తేదీలను నీ చార్టులో రాసుకో. ఎఫ్‌ఏ అంటే ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఎస్‌ఏ అంటే పెద్ద పరీక్ష అయిన సమ్మేటివ్ అసెస్‌మెంట్, ప్రీఫైనల్ అంటే పబ్లిక్ పరీక్షకు నమూనా పరీక్ష. మామూలుగా ఎస్‌ఏ-1 అక్టోబర్‌లోనూ, ప్రీఫైనల్స్ పబ్లిక్ పరీక్షలకు కొద్ది వారాల ముందూ వస్తాయి.

ఆ తర్వాత క్యాలెండర్‌లో లేనివి కూడా రాయి. మన దగ్గర ఇది చాలా ముఖ్యం. బతుకమ్మ, దసరా సెలవులు దాదాపు రెండు వారాలు. ఆ వెంటనే పత్తి ఏరే పని మొదలవుతుంది, పరకాల, జమ్మికుంట వైపు ఎంతో మంది పిల్లలు అమ్మతో చేనుకు పోతారు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర వస్తుంది. అది వచ్చిన ఏడాది ఇంటిల్లిపాదీ కదులుతారు, అది సరిగ్గా రివిజన్ నడిచే కాలం. మిర్చి తోటలున్న ఇళ్లలో జనవరి నుంచి మార్చి దాకా కాయ ఏరే పని ఉంటుంది. ఇంట్లో పెళ్లి ముహూర్తం ఉంటే అదీ రాసుకో.

వీటిని మానుకోమని చెప్పడం లేదు. జాతరకు పో, బతుకమ్మ ఆడు, అమ్మకు సాయం చెయ్యి. ఏ వారంలో చదువు సాగదో ముందే తెలిస్తే దానికి ముందు వారంలో కొంత పూర్తి చేసుకోవచ్చు. చార్టు పని అంతవరకే. గోడకు కొట్టి, గడిచిన వారానికి అడ్డంగా గీత గీస్తూ పో.

మార్కులు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకో

ఇంట్లో అన్నలు, అక్కలు పదకొండు పేపర్ల కాలం గురించి చెబుతుంటారు. 2022–23 నుంచి తెలంగాణలో పదో తరగతికి ఆరు పేపర్లే. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, సైన్స్, సాంఘికశాస్త్రం. సైన్స్‌లో భౌతిక రసాయన శాస్త్రం ఒక రోజు, జీవశాస్త్రం ఇంకో రోజు, ఒక్కోటి గంటన్నర. ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కుల రాత పరీక్ష, 20 మార్కుల ఇంటర్నల్స్ అన్న పద్ధతి నడుస్తూ వచ్చింది. ఇంటర్నల్స్ తీసేయాలన్న నిర్ణయం 2024 నవంబర్‌లో వచ్చి, ఆ ఏడాదికి ఆగిపోయింది. కాబట్టి నీ బ్యాచ్‌కు ఏ పద్ధతి అన్నది జూన్‌లోనే సార్‌ను అడిగి రానివాటి పుస్తకం మొదటి పేజీలో రాసుకో.

ఆ 20 మార్కులను పిల్లలు చాలా తేలిగ్గా తీసుకుంటారు. నాలుగు ఎఫ్‌ఏల సగటు అది. ఒక్కో ఎఫ్‌ఏలో నాలుగు భాగాలు, ఒక్కో భాగానికి 5 మార్కులు. క్లాసులో పాల్గొనడం, స్పందించడం ఒకటి. నోటుపుస్తకాల్లో సొంతంగా రాసింది రెండోది. ప్రాజెక్టు పని మూడోది. స్లిప్ టెస్ట్, అంటే క్లాసులో పెట్టే చిన్న రాత పరీక్ష, నాలుగోది. చూడు, ఇందులో మూడు భాగాలు పరీక్ష భయం లేకుండా, టైమ్‌కు పని చేస్తే వచ్చేవి. నోటుపుస్తకంలో గైడు చూసి ఎత్తి రాసిన జవాబుకూ, పాఠం చదివి నీ మాటల్లో రాసిన జవాబుకూ తేడా ఏ టీచర్‌కైనా రెండు లైన్లలో తెలిసిపోతుంది. పైగా రికార్డులను బయటి టీచర్ల బృందాలు కూడా వచ్చి చూస్తాయి.

ప్రాజెక్టుల కోసం ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ప్రింట్లు తీయించాల్సిన పని లేదు. మన ఊరి చెరువు, మన మార్కెట్, మన ఇంటి కరెంటు బిల్లు చాలు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లే నాన్నను అడిగి నాలుగు వారాల ధరలు రాసి గ్రాఫ్ గీస్తే అంతకు మించిన సాంఖ్యకశాస్త్రం ప్రాజెక్టు ఏముంటుంది?

సంచీ, నోట్సులు

దీని మీద ఎక్కువ చెప్పను. సబ్జెక్టుకో నోట్‌బుక్, అట్ట మీద పేరు, సబ్జెక్టు. రఫ్ నోట్స్ ఒకటే, అన్నిటికీ. ప్రతి పేజీ పైన తేదీ, పాఠం పేరు. స్లిప్ టెస్ట్ కాగితాలు, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ జవాబు పత్రాలు చేతికి వస్తే పారేయకుండా ఒక ఫైల్‌లో పెట్టు, నువ్వు ఎక్కడ తప్పు చేస్తావో నిజం చెప్పేవి ఆ కాగితాలే. రాత్రి పడుకునే ముందు రేపటి సంచీ సర్దుకో. పొద్దున బస్సు టైమ్‌కు జామెట్రీ బాక్సు వెతుక్కునే టెన్షన్ ఉండదు.

రానివాటి పుస్తకం: అసలు పని ఇక్కడ ఉంది

100 పేజీల మామూలు నోట్‌బుక్ ఒకటి కొనుక్కో. అట్ట మీద “నాకు రానివి” అని రాయి. సిగ్గుపడకు, ఇది మార్కులు వేసే పుస్తకం కాదు, ఎవరికీ చూపించాల్సిన పని కూడా లేదు. ఒక్కో పేజీలో నాలుగు నిలువు గళ్లు గీయి. తేదీ, ఎక్కడ (సబ్జెక్టు, పేజీ నంబరు), సరిగ్గా ఏది అర్థం కాలేదు, ఎవరిని అడగాలి. మూడో గడిని వెడల్పుగా పెట్టు.

ఆ మూడో గడిలోనే అంతా ఉంది. “వర్గ సమీకరణాలు రావు” అని రాస్తే అది ఏడుపే అవుతుంది, ప్రశ్న అవదు. ఎంత మంచి సార్ అయినా దానికి జవాబు చెప్పలేరు. కూర్చుని లెక్క మొదలుపెట్టి, ఎక్కడ చెయ్యి ఆగిందో చూడు. మధ్య పదాన్ని విడగొట్టే చోట ఆగిందనుకో. లబ్ధం మైనస్ 10, మొత్తం మైనస్ 3 రావాలి. 5, 2 అని తెలిసింది, కానీ దేనికి మైనస్ పెట్టాలో తెలియలేదు. అప్పుడు రాయాల్సింది, “కారణాంకాలు దొరికాయి, కానీ గుర్తులు ఎలా నిర్ణయించాలి?” అని. ఇది రెండు నిమిషాల్లో తీరే సందేహం. లబ్ధం రుణాత్మకం కాబట్టి రెండిటికీ వేర్వేరు గుర్తులు ఉంటాయి, మొత్తం కూడా రుణాత్మకం కాబట్టి పెద్దదానికి మైనస్ వస్తుంది. అంటే మైనస్ 5, ప్లస్ 2. “మ్యాథ్స్ రాదు” అన్న కొండంత భయం తరచి చూస్తే ఇలాంటి రెండు నిమిషాల సందేహాలు పదో ఇరవయ్యో అయి తేలుతుంది.

భౌతికశాస్త్రంలో ఇంకో ఉదాహరణ. 6 ఓంలు, 3 ఓంల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం 2 ఓంలు. సూత్రంలో వేస్తే లెక్క వస్తుంది. కానీ “రెండిట్లో చిన్నదాని కంటే కూడా తగ్గిందేమిటి?” అని నీకు అనిపించిందంటే దాన్ని తప్పకుండా రాయి. చాలా మంది పిల్లలు జవాబు సరిగ్గా వచ్చింది కదా అని ఇలాంటి ప్రశ్నను వదిలేస్తారు. దానికి జవాబు తెలిసినవాడికి కరెంటు పోవడానికి దారులు పెరిగాయని, అందుకే అడ్డు తగ్గిందని అర్థమవుతుంది. అర్థమయ్యాక సూత్రం మరిచిపోయినా భయం ఉండదు, వచ్చిన జవాబు సరైనదో కాదో తనే పట్టుకోగలడు.

సాంఘికశాస్త్రంలో, భాషల్లో సందేహాలు వేరే రకం. అక్కడ “అర్థమైంది కానీ రాయలేకపోతున్నా” అన్నది ఎక్కువ. అదీ రాయాల్సిందే. పటం గుర్తించడంలో ఏ నది తప్పు పెట్టావు, తెలుగులో ఏ పద్యానికి ప్రతిపదార్థం గుర్తు రాలేదు, ఇంగ్లిష్‌లో లెటర్ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదా, ఎలా ముగించాలో తెలియలేదా? ఇలా విడదీసి రాయి.

ఏ రోజు సందేహం ఆ రోజు రాయడం ఎందుకంటే, కలుపు మొలకప్పుడు రెండు వేళ్లతో వస్తుంది, ముదిరితే పలుగు కావాలి. తొమ్మిదిలో బహుపదులు సరిగ్గా రాకపోతే పదిలో వర్గ సమీకరణాలు ఎక్కవు. గణితంలో ఒక పాఠం మీద ఇంకోటి నిలబడుతుంది కాబట్టి అక్కడ ఆలస్యం చేయకూడదు. సాంఘికంలో ఒక పాఠం వెనకబడ్డా తర్వాతిది చదువుకోవచ్చు. సమయం తక్కువగా ఉన్నప్పుడు ముందు గణితం సందేహాలు, తర్వాత సైన్స్, ఆ తర్వాతే మిగతావి.

తీరిన సందేహాన్ని కొట్టేయి, పక్కన ఒక్క లైన్‌లో జవాబు రాయి. పుస్తకంలో కొట్టేసిన లైన్లు పెరగడం చూస్తే వచ్చే ధైర్యం ర్యాంకు కార్డు కూడా ఇవ్వదు.

అడగడం ఎలా

మన పిల్లల్లో అడగడానికి జంకేవాళ్లు చాలా మంది. క్లాసులో లేచి అడిగితే పక్కవాళ్లు నవ్వుతారని, సార్ “ఇదీ తెలియదా” అంటారని భయం. అమ్మాయిల్లో ఇంకా ఎక్కువ. ఈ భయం పోవాలని ఎదురుచూడకు. భయంతోనే అడగడానికి ఒక పద్ధతి ఉంది.

మొదట సమయం చూసుకో. బెల్ కొట్టాక సార్ ఇంకో క్లాసుకు పోతుండగా అడిగితే హడావుడి అవుతుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలే సమయం, సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలయ్యే ముందు దొరికే సమయం మంచివి. గురుకులంలోనో, కస్తూర్బాలోనో, మోడల్ స్కూల్ హాస్టల్‌లోనో ఉంటే సాయంత్రం స్టడీ అవర్‌లో డ్యూటీ టీచర్ ఉంటారు. ఆ రోజు ఎవరి డ్యూటీయో చూసుకుని ఆ సబ్జెక్టు సందేహాలు అప్పటికి దాచుకో.

తర్వాత, ఖాళీ చేతులతో పోకు. నువ్వు చేసినంత వరకు కాగితం మీద చూపించు. ఇలా అడుగు: “సార్, ఈ లెక్క ఇక్కడిదాకా చేసిన. ఈ లైను దగ్గర ఆగిపోయిన. దీని తర్వాతేం చేయాలె?” ఇలా అడిగిన పిల్లను కసురుకున్న టీచర్‌ను నేను ఎక్కడా చూడలేదు. నువ్వు కష్టపడ్డావని ఆ సగం లెక్కే సాక్ష్యం చెబుతుంది. చెప్పాక అర్థం కాకపోతే తల ఊపకు. “ఇంకొక్కసారి చెప్పండి సార్, ఈసారి నేను చేస్త, మీరు చూడండి” అను. తర్వాత అలాంటిదే ఇంకో లెక్కను అక్కడే చేసి చూపించు.

నోరు అస్సలు పెగలకపోతే ఒక చిట్టీ మీద సందేహం, పేజీ నంబరు రాసి నోట్‌బుక్‌తో పాటు ఇవ్వు. దిద్దేటప్పుడు మేడం చూస్తారు. అదీ అడగడమే.

టీచర్ దొరకని రోజు ఏం చేయాలి? క్లాసులో ముగ్గురు నలుగురు కలిసి ఒక జట్టు కట్టండి. ఒకరికి గణితం బాగా వస్తుంది, ఇంకొకరికి హిందీ. వారానికి రెండు సార్లు బడి అయ్యాక అరగంట కూర్చుని ఒకరి రానివాటి పుస్తకం ఇంకొకరు చూడండి. చెప్పేవాళ్లకు ఇందులో నష్టం లేదు, ఇంకొకరికి చెప్పినప్పుడే మనకెంత తెలుసో బయటపడుతుంది. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివే అక్కలు, అన్నలు ఉంటారు. ఆదివారం గంట అడిగితే కాదనరు.

ఫోన్ విషయం. పాఠ్యపుస్తకంలో పాఠాల దగ్గర ఉన్న క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. టీ-శాట్ విద్య ఛానెల్‌లో, యూట్యూబ్‌లో మన సిలబస్ పాఠాలే ఉంటాయి. నా సలహా ఒక్కటే, ఫోన్ చేతికి తీసుకునే ముందు రానివాటి పుస్తకం తెరువు. ఏ సందేహం కోసం చూస్తున్నావో అది ముందు పెట్టుకో, అది తీరగానే ఫోన్ అమ్మకు ఇచ్చేయి. సందేహం లేకుండా తెరిచిన ఫోన్ చదువు కోసం తెరిచింది అవదు.

ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన పిల్లలకు

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మొదలై, తర్వాతి ఏళ్లలో తొమ్మిదికీ పదికీ వచ్చింది. చిన్న తరగతులు తెలుగులో చదివి మధ్యలో మారిన పిల్లలకు సైన్స్, సాంఘికం చాలా బరువుగా ఉన్నాయి. వాళ్ల ఇబ్బంది నిజమైనది, బద్ధకం అనుకోవద్దు.

పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఎదురెదురు పేజీల్లో ఉండటం పెద్ద సాయం. దాన్ని వాడే క్రమం ఇది. ముందు తెలుగు పేజీ చదివి విషయం ఏమిటో పట్టుకో. ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ చదువుతూ ముఖ్యమైన పదాలను ఒక వరసలో, వాటి తెలుగు పదాలను పక్కన రాసుకో. ఒక్కో పాఠానికి ఇరవై పదాలు దాటవు. చివరికి తెలుగు పేజీ మూసేసి, ఆ పదాలతో చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు సొంతంగా రాయి. వ్యాకరణం తప్పులు ఉన్నా ఫర్వాలేదు, దిద్దించుకో. తెలుగు పేజీతోనే ఆగిపోతే పరీక్షలో రాయలేవు, ఇంగ్లిష్ పేజీని బట్టీ పడితే ప్రశ్న కాస్త మార్చి అడగగానే చిక్కుకుంటావు.

రోజూ సాయంత్రం

ఇంటికి వచ్చి, తిని, కాసేపు ఆడుకున్నాక రెండు సిట్టింగులు చాలు. ఒకటి చీకటి పడ్డాక, ఇంకోటి అన్నం తిన్నాక లేదా పొద్దున్నే. మొదటి సిట్టింగులో ఆ రోజు చెప్పిన పాఠాలు, హోంవర్క్. రెండో దాంట్లో రానివాటి పుస్తకం, పాత పాఠాలు.

చదివే పద్ధతి మాత్రం మార్చు. పేజీని మళ్లీ మళ్లీ చదివితే వచ్చినట్టే ఉంటుంది, పుస్తకం మూశాక ఉండదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే చాలా వేగంగా మరిచిపోతామని 1885లో ప్రచురించాడు. ఒకే రోజు కుక్కి చదివే దానికన్నా రోజులు ఎడం ఇచ్చి చదివితే నిలుస్తుందనీ ఆయనే చూపించాడు. దీన్ని మనం వాడుకునే తీరు ఇది. పాఠం చదివి పుస్తకం మూసెయ్యి. తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయి. తెరిచి చూసి, మరిచిపోయినవి రానివాటి పుస్తకంలో చేర్చు. మూడో రోజు మళ్లీ, ఆదివారం మళ్లీ. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది, అంతే.

ఇంట్లో ఒకే గది, అందులోనే టీవీ అయితే చదువు కష్టమే. బడి అయ్యాక అక్కడే ఒక గంట కూర్చోవడానికి హెచ్‌ఎం అనుమతి అడగండి, నలుగురు కలిసి అడిగితే చాలా చోట్ల ఇస్తారు. పట్నంలో ఉన్నవాళ్లకు గ్రంథాలయాలు ఉన్నాయి. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టిన ఊరు హనుమకొండ, 2022లో యునెస్కో అభ్యసన నగరాల జాబితాలో చేరిన ఊరు వరంగల్. ఇలాంటి చోట రీడింగ్ రూముల్లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లే కనిపించడం నాకు బాధగా ఉంటుంది, బడి పిల్లలకూ అక్కడ కుర్చీ వేసి ఉండాలి. మీరు పోయి కూర్చోండి.

ఆదివారం ఒక అరగంట సంచీ దులుపు. విడిగా పడి ఉన్న కాగితాలు తీసి ఫైల్‌లో పెట్టు, చార్టు మీద వచ్చే వారం చూడు, రానివాటి పుస్తకంలో కొట్టేయనివి లెక్కపెట్టి వాటిలో ముఖ్యమైన ఐదింటికి ఎవరిని ఎప్పుడు అడగాలో రాసుకో.

బడికి పోలేని రోజులు వస్తే

జ్వరం వచ్చినా, పత్తి ఏరడానికి పోయినా, పెళ్లికి పోయినా చదువు ఆగిన చోట గుర్తు పెట్టాలి. పోయే ముందే తెలిస్తే క్లాస్ టీచర్‌కు చెప్పి, ఆ రోజుల్లో ఏ పాఠాలు చెబుతారో అడుగు. తిరిగి వచ్చిన మొదటి రోజే జట్టులో ఒకరి నోట్సు తీసుకో. మొత్తం ఎత్తి రాస్తూ కూర్చోకు, ముందు చదివి అర్థం చేసుకో, గణితం లెక్కలు మాత్రం చేతితో చెయ్యి. తప్పిపోయిన స్లిప్ టెస్ట్ మళ్లీ రాయొచ్చా అని అడుగు. చాలా మంది టీచర్లు రాయనిస్తారు, కానీ అడిగినవాళ్లకే.

ఇంట్లో వాళ్లకు ఒక మాట. ఏరే పని మీకెంత అవసరమో, కూలీలు దొరకని రోజుల్లో ఆ చేయి ఎంత విలువైనదో తెలుసు. అయినా స్లిప్ టెస్ట్‌లు, ఎఫ్‌ఏలు, ప్రీఫైనల్స్ ఉన్న రోజుల్లో పిల్లలను ఆపకండి. ఆ రోజులు ఏవో గోడ మీద చార్టు చెబుతుంది.

కాగితాలు, పేర్లు

ఇది చదువు కాదనిపిస్తుంది కానీ దీనివల్ల పిల్లలు తర్వాత ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. పదో తరగతి పరీక్షలకు బడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపుతారు. అందులో ఉన్న పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీయే రేపు మార్కుల మెమోలో వస్తాయి. ఆ మెమోనే తర్వాత జీవితాంతం పుట్టిన తేదీకి ఆధారంగా అడుగుతారు. కాబట్టి పరీక్ష ఫీజు కట్టే సమయంలో క్లాస్ టీచర్‌ను అడిగి నీ వివరాలు అక్షరం అక్షరం చూసుకో. ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమే ఉందా? ఆధార్‌లో ఎలా ఉంది? తేడా ఉంటే అప్పుడే చెప్పు.

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఆధార్ జిరాక్సులు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పెట్టు. ఆదాయం సర్టిఫికెట్ మీ సేవలో చివరి నిమిషంలో దొరకదు. ఎనిమిదో తరగతి చదివే తమ్ముడో చెల్లో ఉంటే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి, ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు ఇది. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాలి, మరిచిపోతే ఆగిపోతుంది. చార్టు మీద దానికీ ఒక గడి ఉండాలి.

జనవరి నుంచి పరీక్షల దాకా

ఈ కాలంలో కొత్త గైడు, కొత్త క్వశ్చన్ బ్యాంక్ కొనకు. అప్పటికి నీ దగ్గర అన్నిటికన్నా మంచి రివిజన్ పుస్తకం ఉంది. ఏడాదంతా నువ్వే రాసుకున్న రానివాటి పుస్తకం అది. మొదటి పేజీ నుంచి తిరిగి చూడు, కొట్టేసిన వాటిని కూడా మళ్లీ చేసి చూడు. కొన్ని మళ్లీ రావు. వాటి పక్కన చుక్క పెట్టు, ఆ చుక్కలే నీ చివరి వారాల పని.

పాత ప్రశ్నపత్రాలను ఆదివారం పొద్దున పరీక్ష పెట్టినట్టే, గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా పూర్తిగా రాయి. సైన్స్‌కు గంటన్నరే కాబట్టి బొమ్మ గీసి భాగాలు గుర్తించడానికి ఎంత సేపు పడుతుందో ముందే తెలియాలి. చదవడం వచ్చి, రాయడం అయిపోక మార్కులు పోగొట్టుకునే పిల్లలు చాలా మంది. గణితంలో జవాబు తప్పినా మెట్లకు మార్కులు ఉంటాయి, కాబట్టి సగం వచ్చిన లెక్కను కూడా రాయి.

చాలా వెనకబడి ఉన్నావనుకో. ముందు పాస్ గీత దాటడమే లక్ష్యంగా పెట్టుకో. 80 మార్కుల పేపర్‌లో 28, హిందీలో 16. టీచర్‌ను అడిగి ప్రతి సబ్జెక్టులో తేలికైన పాఠాలు మూడు, నాలుగు ఎంచుకుని వాటిని గట్టిగా పట్టుకో. గణితంలో సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత లాంటివి, సైన్స్‌లో బొమ్మలు, సాంఘికంలో పటాలు. పాస్ అవుతానన్న నమ్మకం కుదిరాక మిగతా పాఠాలు తెరువు, అప్పుడు అవి కూడా ఎక్కుతాయి.

పరీక్షకు ముందు రోజు సెంటర్‌కు ఒకసారి పోయి చూసి రా. పల్లె నుంచి మండల కేంద్రానికి పోవాల్సినవాళ్లు పొద్దున ఏ బస్సు, అది తప్పితే ఏ ఆటో అన్నది ఖాయం చేసుకోండి.

అమ్మానాన్నలకు

సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే “ఎన్ని మార్కులొచ్చినయ్?” అని అడగడం మనకు అలవాటు. దాని బదులు “ఇయ్యాల ఏది అర్థం కాలేదు బిడ్డా?” అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. జవాబు మీరు చెప్పాల్సిన పని లేదు, ఆ పుస్తకంలో రాసుకున్నారా లేదా అని చూస్తే చాలు. పక్కింటి పిల్లతో పోల్చకండి. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే ఒక పూట కూలీ పోయినా వెళ్లండి. వెళ్లి “మా వాడు ఎట్ల చదువుతుండు?” అని మాత్రమే అడిగితే “పర్వాలేదు” అంటారు. “ఏ సబ్జెక్టులో, ఏ పాఠంలో వెనకబడ్డడు? మేం ఇంట్లో ఏం చూసుకోవాలె?” అని అడగండి.

కొంతమంది పిల్లలు నోటితో బాగా చెబుతారు కానీ రాయలేరు, అక్షరాలు తారుమారు చేస్తారు, చదవడానికి మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ సమయం తీసుకుంటారు. దాన్ని మొండితనం అనుకుని కొట్టొద్దు. అది అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే టీచర్లు ఉంటారు, హెచ్‌ఎం ద్వారా కలవండి. సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షల్లో రాసిపెట్టేవాళ్లు, అదనపు సమయం లాంటి సౌకర్యాలు దొరుకుతాయి. దానికి ముందుగా దరఖాస్తు చేయాలి, మార్చిలో అడిగితే అవదు.

పిల్లలు తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, “నా వల్ల కాదు” అని పదే పదే అంటున్నా తేలిగ్గా తీసుకోకండి. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలకు ఎలాంటి ఆపద ఉన్నా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఈ రెండు నంబర్లను రానివాటి పుస్తకం లోపలి అట్ట మీద రాసి పెట్టండి.

ఫలితాలు వచ్చాక

మార్కులు బాగా వస్తే బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేయడం మరవకండి. 2008లో మొదలైన ఆ సంస్థలో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ సీట్లు పదో తరగతి మార్కుల ఆధారంగానే ఇస్తారు, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. పాలిటెక్నిక్ కావాలంటే పాలిసెట్ రాయాలి, దానికీ పదో తరగతి సిలబస్సే.

మార్కులు తక్కువ వచ్చాయని, లెక్క తప్పిందని నమ్మకం ఉంటే రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు గడువులోపు దరఖాస్తు చేయవచ్చు. ఒకటి రెండు సబ్జెక్టులు పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జూన్‌లోనే ఉంటాయి, ఫీజు కట్టే గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ముగుస్తుంది కాబట్టి ఆ వారంలోనే బడికి వెళ్లండి. అందులో పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు, సంవత్సరం పోదు. పోయిన సబ్జెక్టు టీచర్ సెలవుల్లో ఉన్నా ఫోన్ చేసి రానివాటి పుస్తకంలో మిగిలినవి ఒక్కొక్కటిగా అడుగు.